ముందు సీటు కోయనివ్వలేదు

నా ఇంటిదానికి మీ ఆయన రాయునది.

నేను క్షేమం. కారు క్షేమం. నీ కాలు క్షేమమని తలుస్తాను. వదినగారికీ అన్నగారికీ నా నమస్కారాలు చెప్పు.

అన్నగారికి నువ్వు చెప్పే పని లేదు. ఈ ఉత్తరం పట్టుకుని చదువుతున్నది ఆయనే. నువ్వు బడి మొహం చూడలేదు. మీ అక్కకు కళ్ళజోడు పెట్టినా అక్షరాలు ఆనవు. వసారాలో పడక కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకుని, నీకూ మీ అక్కకూ కలిపి ఆయన చదవాల్సిందే.

అందుకని ముందు ఆయనకే రాస్తున్నాను. అన్నగారూ, మీరు నాకు తోడల్లుడు. వయసులో పెద్ద, చదువులో పెద్ద, చేసిన ఉద్యోగంలో పెద్ద. నేను అద్దె కారు తోలుకున్నవాణ్ణి. మీ ఎదుట నేను ఎప్పుడూ నాలుగు మాటలు వరసగా మాట్లాడలేదు. ఇప్పుడు కాగితం మీద మాట్లాడుతున్నాను. మధ్యలో ఆపకండి. ఒక్క వరస కూడా దాటేయకండి. మీకు నచ్చని చోటు వస్తే కాసిని మంచినీళ్ళు తాగి అక్కడి నుంచే చదవండి. తిట్టాలనుకుంటే చివర తిట్టండి.

ఇక నీకు. కిందటి ఉత్తరం అందింది. రాసిన చెయ్యి అన్నగారిది. అందులో నీ మాటలు ఏవో, ఆయన మాటలు ఏవో నాకు తెలిసిపోయింది. 'జీవిత చరమాంకంలో ప్రశాంతత ముఖ్యము' అన్నది నువ్వు కాదు. నువ్వయితే 'చేసింది చాలు, కూర్చోండి' అంటావు. నీ మాటలు చివరలో మూడే ఉన్నాయి. ముందు వాటికి జవాబు చెబుతాను.

వేళకు తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. ఉప్పు ఒక రోజు ఎక్కువవుతుంది, మర్నాడు మరిచిపోతాను. రెండు రోజులూ కలిపితే సరిగ్గానే తిన్నట్టు.

గుమ్మం పక్క కుండీ సంగతి అడిగావు. మొక్క బతికే ఉంది. ఆకులు సగం పోయాయి. నేను నీళ్ళు పోయడం మరిచిపోయానని అనుకోకు. మరీ ఎక్కువ పోశాను. ఎదురింటి కుట్టుమిషనామె చూసి, "అది మొక్క బాబాయ్, రేడియేటర్ కాదు" అని చెంబు లాక్కుంది. ఇప్పుడు ఆవిడే పోస్తోంది.

కారులో ముందు సీటు కింద తుడుపుగుడ్డ ఉంది, పారేయకండి అని రాయించావు. దాని సంగతి చివర రాస్తాను.

ఇప్పుడు అన్నగారి మాటలు. అవి పొడుగు. నాకు అర్థమైనంతలో రెండు సంగతులు. ఒకటి, నువ్వు ఆయన కారులో కూర్చోలేకపోయావు కాబట్టి నీకు ఇక ప్రయాణం పనికిరాదు, అక్కడే ఉండిపోవాలి, వెనక గది సున్నం వేయించి ఉంచారు, నేనూ పెట్టె సర్దుకుని వచ్చేయాలి. రెండు, మన కారుకు పాత ఇంజిన్ మళ్ళీ బిగించి పాత కార్ల సంఘానికి ఇచ్చేయాలి, నెలాఖరుకు వాళ్ళ లారీ వస్తుంది. ఈ రెండిటికీ నేను ఒప్పుకున్నానని కూడా రాశారు.

నేను ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదో మొదటి నుంచి రాస్తాను. నాకు మధ్యలోంచి చెప్పడం రాదు.

నీ తుంటిలో కొత్త కీలు వేసిన డాక్టరు మంచం పక్కన నిలబడి ఏం చెప్పాడో గుర్తుందా? మోకాలు తుంటి కన్నా పైకి లేవకూడదు. పల్లంగా ఉన్నదాంట్లో కూర్చోకూడదు. ఎత్తు కుర్చీ కావాలి, కాలు చాపుకునే చోటు కావాలి. అంతే కదా చెప్పింది? ప్రయాణం చేయకూడదని ఆయన అనలేదు. అన్నగారి కారు కొత్తది, నున్నగా ఉంటుంది, కాదనను. కానీ అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. నేల మీద పీట వేసుకున్నట్టు కూర్చోవాలి. నువ్వు కేక పెట్టావంటే పెట్టవా? కేక పెట్టించింది ఆ సీటు. దానికి ఇల్లు మానుకోవడం ఎందుకు?

మన కారు సంగతి చూడు. ఇంగ్లండు వాళ్ళు దాన్ని టోపీ పెట్టుకున్నవాళ్ళు కూర్చోవాలని చేశారట. కప్పు ఎత్తు. తలుపు బీరువా తలుపంత. ముందు సీటు మన వంటింటి కుర్చీ ఎత్తే ఉంది, బద్ద పెట్టి కొలిచాను. పైగా ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బెంచీ. కాలు పక్కకు చాపుకుంటే ఎవరూ వద్దనరు. ఆంబులెన్సులో తెస్తామంటే, "పడుకుని వచ్చాను చాలు, పడుకుని పోను" అని నర్సు మీద విసుక్కున్నది నువ్వే. కూర్చుని రావడానికి నీకు ఈ లోకంలో ఒక్క కారు ఉంది. అది మన వాకిట్లో ఉంది.

ఉంది కానీ మీ అక్క ఊరికీ మన ఊరికీ మధ్యనున్న కొండ ఎక్కదు. అదీ చిక్కు.

నువ్వు పడ్డ రోజు సంగతి నీకు చెప్పలేదు. బట్టలు ఆరేస్తూ మెట్టు మీద జారి పడ్డావు. ఆంబులెన్సు వచ్చింది. లోపల చోటు లేదని నన్ను ఎక్కించుకోలేదు. నేను కారు తీసి నీ వెనకే బయల్దేరాను. రెండో మలుపు దగ్గర ఇంజిన్ మరిగిపోయి ఆగింది. బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఆవిరి. పైన ఒక్కో మలుపూ తిరుగుతూ ఆంబులెన్సు ఎర్ర దీపం పోతోంది. అది కనబడనంత దాకా చూశాను. తర్వాత కూరగాయల లారీ వాడు ఎక్కించుకున్నాడు. ఆసుపత్రికి బస్సులో వచ్చానని నీకు చెప్పాను. కాదు. ఉల్లిపాయల బస్తాల మీద వచ్చాను.

నీకు కీలు వేస్తున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుని నేను అనుకున్నది ఒకటే. ఈ మనిషి ఇంటికి నా పక్కన కూర్చుని వస్తుంది.

ఆసుపత్రి పక్క వీధిలోని మీ అక్క ఇంటికి నిన్ను చక్రాల కుర్చీలో చేర్చి, తిరిగి రాగానే గొణుగుడాయన షెడ్డుకు పోయాను. అదే, మన మెకానిక్కు. ఇప్పటికీ అలాగే ఉన్నాడు. ఇంజిన్‌లో తల పెట్టి దానితోనే గొణుగుతాడు, మనుషులతో మాత్రం గట్టిగా మాట్లాడతాడు.

"ఈ ఇంజిన్ని బతికించు" అన్నాను.

"బతికిస్తా. బతికి ఏం చేస్తుంది? వీధి చివరిదాకా పోయి కూర్చుంటుంది, మీలాగే."

"కొండ ఎక్కాలి."

"కొండా? ఇంజిన్ బ్లాకే బీటలిచ్చి ఉంది పెద్దాయనా. మందు పూసి పూసి అతికిస్తున్నాను. దీనికి సామాను చేసేవాళ్ళు లేరు, చేసినవాళ్ళ మనవలు కూడా ముసలాళ్ళయి ఉంటారు. కొండ ఎక్కాలంటే దీన్ని నెత్తిన పెట్టుకుని మీరే ఎక్కాలి."

"అయితే వేరేది పెట్టు."

అతను బానెట్ కింద నుంచి తల బయటికి తీశాడు. "వేరేది అంటే?"

"కొత్త ఇంజిన్."

"ఇందులోనా?"

"ఇందులోనే."

అతను కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. టైరును కాలితో తన్నాడు. ఏదో గొణిగాడు. "మీ ఇంట్లో ఎవరూ మిమ్మల్ని వద్దనలేదా?" అన్నాడు.

"ఇంట్లో మనిషిని తేవడానికే" అన్నాను.

అతను పాత బండ్ల కొట్లన్నీ తిరిగాడు. వెనక నుంచి లారీ గుద్దిన కొత్త కారు ఒకటి వెతికి తెచ్చాడు. దాని వెనక భాగం అప్పడమైపోయింది. ముందు భాగానికి గీత పడలేదు. ఆ ఇంజిన్ చిన్నది, చూస్తే కుట్టుమిషను పెట్టెంత. దాని బలం మాత్రం పాతదానికి రెట్టింపు పైనే అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. దాని చుట్టూ వైర్లు దువ్వని జుట్టులా ఉన్నాయి. అందులో ఆలోచించే డబ్బా ఒకటి ఉందట, అది చెప్పినట్టే ఇంజిన్ నడుస్తుందట. "మీ ఇంట్లో లాగే" అన్నాడు. నవ్వాను. ఇంటికొచ్చి చూస్తే నువ్వు లేవు కదా, నవ్వు ఆగిపోయింది.

పని నెమ్మదిగా సాగింది. చిన్న ఇంజినే కదా, పాతదాన్ని తీసేసిన చోట ఇద్దరు మనుషులు నిలబడవచ్చు కదా, ఇంకేం అనుకున్నాం. బానెట్ విప్పి గోడకు ఆనించి, అడ్డం కొలిచాం, పొడుగు కొలిచాం. ఇంజిన్ని గొలుసుకు వేలాడదీసి దించాం. ఇంజిన్ కూర్చునే దిమ్మలు వెల్డింగ్ చేసి బిగించాం. గొట్టాలు కలిపాం. అంతా అయ్యాక బానెట్ తెచ్చి పెడితే మూత పడలేదు. నిండు గిన్నె మీద మూతలా ఒక పక్కకు లేచి నిలబడింది. అన్నీ కొలిచిన మేం ఎత్తు కొలవలేదు. ఇద్దరమూ బానెట్ చేరో పక్క పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"కోసేద్దాం. పైన ఒక బుడిపె పెడితే మూసుకుంటుంది" అన్నాడు.

"అది మా ఆవిడ చూస్తే బొప్పి కట్టిందంటుంది. వద్దు" అన్నాను.

మళ్ళీ అంతా విప్పాం. దిమ్మలు కోసి కిందికి దించాం. కిందికి దించితే అడుగున ఆయిల్ ఉండే చాంబర్ ముందు ఇరుసుకు తగిలింది. చాంబర్‌ను కోసి, పొట్టిది చేసి, అతికించాడు. అప్పుడు మూత పడింది. ఆ చప్పుడు విని అతను కూడా గొణగడం మానేసి చెవి పెట్టాడు.

తర్వాత అసలు తగాదా వచ్చింది. మన కారుకు గేరు స్టీరింగ్ పక్కన ఉంటుంది, నీకు తెలుసు. కొత్తదానికి గేరు రాడ్డు నేలలోంచి పైకి వస్తుంది. సరిగ్గా బెంచీ సీటు మధ్యలోకి వచ్చింది.

"సీటు మధ్యకు కోసేద్దాం" అన్నాడు. "రెండు విడి సీట్లు వేస్తా. ఈ కాలంలో అందరివీ అంతే. మొగుడిదో కుర్చీ, పెళ్ళానిదో కుర్చీ, మధ్యలో నీళ్ళ సీసా."

"కోయొద్దు."

"పెద్దాయనా, ఇంజిన్ మార్చమన్నారు, మార్చాను. బ్రేకులు చాలవంటే అవీ మార్చాను. సీటుకు వచ్చేసరికి ఏమిటీ పంతం?"

నీకు తెలుసు కదా, కావలసినప్పుడే నాకు మాటలు రావు. సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"ఆమె ఆ చివర కూర్చోదు" అన్నాను చివరకు.

అతను నన్ను చూశాడు, సీటును చూశాడు. రాడ్డు విప్పుకుని కొలిమి దగ్గరికి పోయాడు. ఎర్రగా కాల్చి, ముందుకు వంచి, డాష్‌బోర్డు కిందుగా తిప్పి, కొంగ మెడలా స్టీరింగ్ పక్కకు తెచ్చాడు. గేరు వేసేటప్పుడు కొంచెం పట్టేస్తుంది. రెండోది వేయబోతే నాలుగోది పడుతుంది ఒక్కోసారి. అలవాటు చేసుకున్నాను. బెంచీ బెంచీలాగే ఉంది. కోయనివ్వలేదు.

అన్నగారూ, ఇక్కడ మీరు వస్తారు. నెమ్మదిగా చదవండి.

పాత ఇంజిన్ షెడ్డులో నేల మీద ఉన్న రోజున మీరు సంఘం కార్యదర్శిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన జేబులో చిన్న భూతద్దం ఉంది, దానితో నంబర్లు చూస్తాడు. మీరు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటిది? గుండె కోసి నేల మీద పెట్టారా?" అన్నారు.

"గుండె కాదండీ, పొయ్యి. పొగ తప్ప ఏమీ లేదు" అన్నాడు గొణుగుడాయన.

"నీకు దీని విలువ తెలుసా? పుట్టినప్పటి ఇంజినుతో నడుస్తున్న ఇలాంటి సెలూన్ కారు ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు."

"నడుస్తుంటే నా దగ్గరికెందుకు వస్తుంది సార్?"

మీరు అతనితో మాట్లాడటం మానేసి నా భుజం మీద చెయ్యి వేశారు. "చూడు తమ్ముడూ, నీ మంచి కోరే చెబుతున్నా. ఇంజిన్ మారిస్తే ఇక ఇది ఈ కారే కాదు. డొక్కు మిగులుతుంది. సంఘం హాలులో అద్దాల గదిలో నిలబెడతారు. పక్కన నీ పేరుతో బోర్డు పెడతారు. పిల్లలు వచ్చి చూస్తారు. ఈ వయసులో కొండ రోడ్డు మీద నువ్వు దీన్ని తోలడమేమిటి, తుంటి విరిగిన మనిషిని అందులో కూర్చోబెట్టడమేమిటి? అమ్మాయి మా దగ్గర హాయిగా ఉంది. నువ్వూ వచ్చెయ్. కాదనకు."

నేను నేల చూశాను. కాదనలేదు. ఊఁ అన్నానేమో కూడా. మీరు మాట్లాడుతుంటే నేను ఎప్పుడూ అంటాను. మీ ఇంటి పెళ్ళిళ్ళలోనూ, మామగారి గది మీ వాటాకు పోయినప్పుడూ, అన్నిటికీ అలాగే నిలబడ్డాను. మీరు నా భుజం తట్టి కారెక్కి పోయారు. వారానికి ఉత్తరం వచ్చింది, నేను ఒప్పుకున్నానని. తప్పు మీది కాదు. నోరు విప్పనివాడి తలకాయలో ఏముందో ఎవరికి తెలుస్తుంది? అందుకే ఇప్పుడు విప్పుతున్నాను.

ఇంజిన్ మారిస్తే ఆ కారు ఆ కారు కాదన్నారు. మంచిది. మీ ఎదురుగా వసారాలో మీ మరదలు కూర్చుని ఉంది చూడండి. ఆమె తుంటి ఎముక తీసేసి ఇనుప గుండు పెట్టారు. పుట్టినప్పటిది కాదు. నంబరు కూడా వేరే. మరి ఆమె మీ మరదలు కాకుండా పోయిందా? ఆమెను ఏ అద్దాల గదిలో పెడదాం? ఎముక మార్చింది ఆమె నడవాలని. నేను ఇంజిన్ మార్చింది ఇది నడవాలని. నాకు ఇంతకన్నా చెప్పడం రాదు.

మీరు చేసిన మేలు నేను మరిచిపోలేదు. ఆ రోజు నాకన్నా ముందు ఆసుపత్రికి చేరింది మీరు. డాక్టర్లతో ఇంగ్లీషులో మాట్లాడి గబగబా అన్నీ చేయించింది మీరు. వదినగారు ఆమెకు తల దువ్వి, స్నానం చేయించి, కన్నతల్లి కన్నా ఎక్కువ చూశారు. మీ ఇద్దరికీ చేతులెత్తి దండం పెడతాను. కానీ కారు ఇవ్వను. గదిలోకి రాను.

బండి కాగితాల్లో ఇంజిన్ మారిన సంగతి ఎక్కించాను, అది కూడా తెలుసుకోండి. రవాణా ఆఫీసులో ఆయన ఇంజిన్ని చూసి, నన్ను చూసి, "ఈ వయసులో ఎందుకండీ ఇదంతా?" అన్నాడు. "ఏ వయసులో మొదలుపెట్టమంటారు?" అన్నాను. నేనే అన్నాను, నమ్మండి. అన్నాక చెవులు వేడెక్కాయి. కళ్ళ పరీక్ష కూడా చేశారు. కింది వరస దాకా చదివాను.

ఇంత రాశాక అసలు మాట దాచడం బాగుండదు. ఇది నీకు.

నేను ఈ కారులో కొండ దాటి అక్కడికి వచ్చాను. పోయిన వారం. మీ వీధిలోకి.

ముందుగా ఒంటరిగా ఎక్కి చూడాలనుకున్నాను, నిన్ను కూర్చోబెట్టుకుని పరీక్షలు పెట్టకూడదని. రెండో మలుపు దగ్గర, పాతది ఆగిపోయిన చోట, స్టీరింగ్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. కొత్తది అక్కడ ఆగలేదు, ఆలోచించనూ లేదు. వెనక బస్సు వాడు హారన్ కొట్టలేదు, నేనే వాడికి అందకుండా పోయాను. పైకి పోయాక పక్కన ఆపి దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే. దిగువకు కొత్త బ్రేకులు బాగా పట్టాయి, వదినగారు భయపడాల్సిన పని లేదు.

మీ వీధి మొదట్లో మందుల షాపు ఉంది కదా, దాని ముందు ఆపాను. నువ్వు వసారాలో ఉన్నావు. వాకర్ పట్టుకుని ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి నడుస్తున్నావు. చిక్కావు. జడ కాకుండా ముడి వేశారు. అన్నగారు పడక కుర్చీలో పేపరు చదువుతున్నారు.

లోపలికి రావాలనే వచ్చాను. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను కూడా. అప్పుడు తట్టింది. నేను లోపలికి వస్తాను. అన్నగారు లేచి, "రా తమ్ముడూ" అంటారు. టీ ఇస్తారు. మాట్లాడతారు. చాలా బాగా మాట్లాడతారు. నేను నేల చూస్తాను. సాయంత్రానికి తాళాలు ఆయన చేతిలో ఉంటాయి, నా పెట్టె వెనక గదిలో ఉంటుంది. ఇది నాకు కళ్ళ ముందు కనిపించింది. కాలు లోపల పెట్టుకున్నాను.

మీ గేటు ముందు నుంచే పోయాను. నెమ్మదిగా. నువ్వు తల ఎత్తలేదు.

దానికి నీ మీద నాకు కోపం లేదు. ఉండటానికి వీల్లేదు. ఇన్నేళ్ళుగా మన వీధి మలుపులో నా కారు చప్పుడు వినగానే నువ్వు పొయ్యి మీద నీళ్ళు పెట్టేదానివి. నేను చెప్పులు విప్పేసరికి టీ ఉండేది. ఎదురింటామె అడిగితే, "దాని దగ్గు నాకు తెలియదా" అనేదానివి. ఇప్పుడు ఆ దగ్గు లేదు. కొత్త ఇంజిన్ అందరి కార్లలాగే సన్నగా పోతుంది. పోయింది నా కారే అని నీకెలా తెలుస్తుంది? దారంతా అదే అనుకున్నాను. బలం తెచ్చుకుని చప్పుడు పోగొట్టుకున్నాను. అంత బాధ పడ్డాను కానీ పశ్చాత్తాపం లేదు. మళ్ళీ మార్చమన్నా ఇదే మారుస్తాను.

అందుకని ఇలా చేద్దాం. శుక్రవారం పొద్దున, పాలవాడు పోయాక, వస్తాను. లోపలికి రాను, అన్నగారూ ఏమీ అనుకోవద్దు. గేటు ముందు ఆపుతాను. హారన్ పాతదే. గొణుగుడాయన కొత్తది పెడతానన్నా పెట్టనివ్వలేదు. చిన్నగా ఒకటి, పొడుగ్గా ఒకటి, ఎప్పటిలాగే కొడతాను. నీకు రావాలని ఉంటే రా. మీ మెట్లు కిందికి మూడు ఉన్నాయి, మంచి కాలు తర్వాత పెట్టి దిగు, డాక్టరు చెప్పినట్టు. నేను తలుపు పట్టుకుని నిలబడతాను. మొదట సీటు వైపు వీపు తిప్పి కూర్చో, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకో. కుట్టుమిషనామె ఒక దిండు కుట్టి ఇచ్చింది, కాలి కిందికి.

అక్కడే ఉండాలని నీ మనసులో ఉంటే వసారాలోంచే చెయ్యి ఊపు. నేను కారు తిప్పుకుని వచ్చేస్తాను. కోపగించుకోను. నిజంగా కోపగించుకోను. మళ్ళీ శుక్రవారం వస్తాను. ఆ పై శుక్రవారం కూడా వస్తాను. కొండ ఎక్కడం దానికి ఇప్పుడు కష్టం కాదు. నాకూ కాదు. అయితే నీ జవాబు నీ చెయ్యే చెప్పాలి. ఉత్తరం రాయించొద్దు.

నెలాఖరుకు సంఘం వాళ్ళ లారీ రానివ్వండి అన్నగారూ, వద్దనకండి. ఖాళీగా పంపను. పాత ఇంజిన్ని కిరోసిన్‌తో కడిగి, తుడిచి, నల్లరంగు వేసి బల్ల మీద పెట్టాను. పుట్టినప్పటిది, నంబరుతో సహా. మీరు గుండె అన్నది అదే కదా. దాన్ని అద్దాల గదిలో పెట్టుకోండి. బోర్డు మీద నా పేరు వద్దు. నన్ను ఇంతదూరం తెచ్చిందని రాయండి చాలు. పిల్లలు వచ్చి చూస్తారు.

వదినగారికి ఒక మాట. మీరు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు, దారి బాగుండదని. వెనక సీటు కూడా ఎత్తే. శుక్రవారం చెల్లెలితో పాటు ఎక్కండి. ఆమె కుదురుకున్నాక నేనే దింపుతాను. అన్నగారికి రెండు రోజులు వంట తెలుస్తుంది. ఉప్పు సంగతి నన్ను అడగమనండి.

ఇక తుడుపుగుడ్డ. మరిచిపోలేదు. కొండ మీద వాన పడితే లోపలి అద్దానికి ఆవిరి పట్టేది. నేను స్టీరింగ్ వదలలేను కాబట్టి నువ్వు ముందుకు వంగి ఆ గుడ్డతో నా వైపు తుడిచేదానివి. తర్వాత నీ వైపు. "కనిపిస్తోందా?" అని అడిగేదానివి. కొత్త ఇంజినుకు వేడిగాలి గొట్టం ఒకటి వచ్చింది. మీట నొక్కితే అద్దం దానంతటదే ఆరిపోతుందని గొణుగుడాయన మహా సంబరంగా చూపించాడు. బాగుందన్నాను. నొక్కను. శుక్రవారం వాన పడేలా ఉంది.

గుడ్డ ఉతికాను. సీటు కింద, నీ వైపు, నువ్వు పెట్టిన చోటే పెట్టాను.

ఇట్లు,
గేటు దగ్గర తలుపు పట్టుకుని నిలబడబోయే
మీ ఆయన